మన ఆప్టోమెట్రిస్టులు (చూపు పరీక్షించి కళ్లజోడు రాసేవాళ్లు) పెద్దాసుపత్రికి రెటీనా (కంటి లోపలి పొర) కేసు పంపేటప్పుడు చీటీలో ఏం రాస్తున్నారండీ?

బెంజిసర్కిల్_ఆప్టోమ్: పోయిన నెల యాభై దాటిన ఒకాయన కళ్లజోడు మార్చుకుందామని వచ్చాడు, మాటల్లో మాటగా చెప్పాడు, కంట్లో మెరుపులు, దోమలు తిరుగుతున్నట్టు, నిన్నట్నించి ఓ పక్క పరదా కట్టినట్టుంది అని. రెటీనా ఊడుతోందేమో అని డౌట్ వచ్చి "రెటీనా ఒపీనియన్" అని చీటీ రాసిచ్చా. ఆయన మనవడి అన్నప్రాసన అయ్యాక వెళ్దాంలే అనుకున్నాడట, ఆరు రోజులకి వెళ్లాడు, అప్పటికి మధ్య చూపు కూడా పోయింది. ఆపరేషన్ చేశారు గానీ మునుపటి చూపు రాలేదు. ఇవాళే వెళ్లాలి అన్న ముక్క రాయలేదు, నోటితోనూ గట్టిగా చెప్పలేదు. నిద్ర పట్టట్లేదండి.

గుంటూరు_కంటాసుపత్రి: మీరు పంపే చీటీలు నా చేతికే వస్తాయి సార్. చాలావాటిల్లో "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" తప్ప ఏమీ ఉండదు. జోడు లేకుండా ఎంత కనపడుతోంది, జోడుతో ఎంత, ఎప్పట్నించి, కంటి ప్రెషర్ ఏ మిషన్‌తో ఎన్నింటికి తీశారు, ఇవి రాయండి. కంటిపాప లైటుకి ఎలా ఉందో పాప పెద్దదయ్యే చుక్కలు వెయ్యకముందే చూసి రాయాలి, వేశాక మేం చూసినా పాప కదలదు, కంటి నరం సంగతి తెలీదు. ఇంకోటి, ప్రెషర్ 21 దాటితేనే నీటికాసులు (గ్లాకోమా) అనుకోకండి, 16 ఉన్నా నరం దెబ్బతింటున్నవాళ్లు ఉన్నారు, అందుకే కప్పు (నరం మొదట్లో ఉండే గుంట) ఎంతుందో కూడా రాయండి.

తెనాలి_కుర్రాడు: అన్నా నేనైతే తాడిగడప ఎల్వీ ప్రసాద్‌కి పంపినా పెదకాకాని శంకరకి పంపినా ముందు ఫోన్ చేసి రెటీనా డాక్టరు ఆ రోజు ఉన్నారా అని కనుక్కుంటా, లేకపోతే బస్సెక్కి వెళ్లి ఉత్త చేతుల్తో తిరిగొస్తారు, మళ్లీ వెళ్లరు. పేషెంటుతో పాటు వచ్చినవాళ్లక్కూడా తెలుగులో చెప్తా, వాళ్ల చేతే తిరిగి చెప్పిస్తా.

మా వైపు వరి కోతలప్పుడు ఆకు కోసుకునో ఒడ్లగింజ పడో కన్ను ఎర్రబడి వస్తారు, అప్పటికే మెడికల్ షాపులో ఏవో చుక్కలు వేసేసుకుని ఉంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే, కంట్లో పడ్డ పుండు ఫంగస్‌ది అయితే, ఇంకా లోపలికి పాకుతుంది. ఆ సీసా పారెయ్యకుండా పట్టుకెళ్లమంటా, పేరు చీటీలో రాస్తా.

పటమటలంక_మేడమ్: పిల్లల ఫోటోలో కంటిపాప తెల్లగా మెరుస్తోందని తల్లి అంటే ఆ వారమే పంపండి, కళ్లజోడు మాట తర్వాత.

గుంటూరు_కంటాసుపత్రి: బెంజిసర్కిల్ సార్, ఆయన చెకప్‌లకి వెళ్తున్నాడా? ఒక కంట్లో ఊడితే రెండో కంటికీ భయమే, అది కూడా చూపించుకుంటూ ఉండాలి.

బెంజిసర్కిల్_ఆప్టోమ్: ఇప్పుడే ఫోన్ చేశా మేడమ్. ఇంక లాభం లేదని మానేశాడట. రేపు పొద్దున్న నా బండి మీద నేనే తీసుకెళ్తున్నా, ఈసారి చీటీ మీరు చెప్పినట్టే రాశా.