గూగుల్ అనలిటిక్స్ లెక్క చూసి శీర్షిక ఆపేయొచ్చా?

పద్మజ_తెనాలి
ఇద్దరం కలిసి ఒక చిన్న కథల సైటు నడుపుతున్నాం. గూగుల్ అనలిటిక్స్ చూపించే దానికి నాలుగింతల మంది వచ్చారంటోంది హోస్టింగ్‌లో ఉన్న ఆవ్‌స్టాట్స్ అనే లెక్కల పనిముట్టు. ఏది నమ్మాలి? తక్కువమంది చూసే శీర్షికలు ఆపేద్దామని మా తోటి సంపాదకుడు పట్టుబడుతున్నారు.

సర్వర్_శ్రీను
ఆవ్‌స్టాట్స్ చదివేది సర్వర్ లాగ్, అంటే సైటుని ఎవరు ఏ పేజీ అడిగినా సర్వర్ రాసుకునే చిట్టా. సెర్చ్ ఇంజిన్ల బాట్లు (మనిషి లేకుండా పేజీలు తిరిగే ప్రోగ్రాములు) కొన్నిటిని వేరు చేస్తుంది గానీ, మనుషుల్లా నటిస్తూ లాగిన్ పేజీ తలుపు తట్టే స్క్రిప్టులు అందులో కలిసిపోతాయి. గూగుల్‌ది పాఠకుడి బ్రౌజర్‌లో దాని జావాస్క్రిప్ట్ కోడ్ నడిస్తేనే లెక్కపెడుతుంది, యాడ్ బ్లాకర్ ఉన్నవాళ్లు దానికి కనపడరు. ఒకటి ఎక్కువ చెప్తుంది, ఇంకోటి తక్కువ. రెంటినీ పక్కపక్కన పెట్టకండి. ఒకే పనిముట్టులో పోయిన నెలకీ ఈ నెలకీ తేడా చూడండి.

విమల_గుంటూరు
పద్మజా, ఆపొద్దమ్మా. నా శీర్షిక ఇలాగే పోయింది. 2019లో ఒక వెబ్ పత్రికకి పద్యాల మీద వారం వారం రాసేదాన్ని. ఎడిటర్ గారు స్క్రీన్‌షాట్ పంపి, "సగటున కొన్ని సెకన్లే ఉంటున్నారు, ఎవరూ చదవట్లేదండీ" అన్నారు. అప్పటి అనలిటిక్స్‌లో ఒక్క పేజీ చదివి వెళ్లిపోతే సమయం సున్నా అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండో పేజీ తెరిస్తేనే మొదటిదానికి సమయం పడేదట. ఇరవై నిమిషాలు కూర్చుని పద్యం పైకి చదువుకున్నవాళ్లూ అందులో సున్నాయే.

సర్వర్_శ్రీను
ఆ పాత పద్ధతి 2023 జులై 1తో ఆగిపోయింది మేడమ్. ఇప్పుడున్న జీఏ4లో, అంటే కొత్త గూగుల్ అనలిటిక్స్‌లో, పేజీ తెర మీద ఉన్నంతసేపూ లెక్కే. 10 సెకన్లు దాటితే బౌన్స్ (వచ్చి వెంటనే వెళ్లిపోయినవాళ్లు) కింద వెయ్యదు.

విమల_గుంటూరు
నా శీర్షిక తిరిగొచ్చిందా?

బెర్లిన్_బాబు
మాటోమో అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, డేటా మీ సర్వర్‌లోనే ఉంటుంది. గూగుల్ అనలిటిక్స్ వాడకం చట్టవిరుద్ధమని ఆస్ట్రియా డేటా రక్షణ సంస్థ ఒక కేసులో తేల్చిన సంగతి 2022 జనవరిలో బయటికొచ్చింది.

పద్మజ_తెనాలి
సగానికి పైగా "డైరెక్ట్" అని చూపిస్తోంది. ఇంతమంది అడ్రస్ టైప్ చేసుకుని వస్తున్నారా?

సర్వర్_శ్రీను
వాట్సాప్ నుంచి వచ్చేవాళ్లు చాలావరకు అందులోనే పడతారు. మీరు గ్రూపుల్లో పెట్టే లింకులకి యూటీఎం ట్యాగ్ (ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పే తోక) తగిలించండి, విడిగా కనపడతారు.

విమల_గుంటూరు
చూశారా, ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో కూడా దానికి తెలీదు. అలాంటిదాని మాట విని ఒక మనిషి రాత ఆపేస్తారా?

సర్వర్_శ్రీను
మీ ఎడిటర్ చేసిన తప్పుకి పనిముట్టుని తిడితే ఎలా? హోస్టింగ్ బిల్లు కట్టేవాళ్లని అడగండి.

విమల_గుంటూరు
బిల్లు సంగతి నేనెత్తానా? నాలుగేళ్లు రూపాయి తీసుకోకుండా రాశాను. ఒక్క పాఠకుడితోనైనా మాట్లాడి చూశారా అని ఆయన్ని అడిగితే జవాబు లేదు.

సర్వర్_శ్రీను
నాతో ఎవరూ మాట్లాడలేదు మేడమ్. పసుపు సాగు మీద ఎనిమిదేళ్లుగా రాస్తున్నా, ఒక్క మెయిల్ రాలేదు. ఒక రాత్రి మానేద్దామనుకుంటూ అనలిటిక్స్‌లో రియల్‌టైమ్ (ఈ క్షణం సైటులో ఎవరున్నారో చూపే పేజీ) తెరిచాను. నిజామాబాద్ నుంచి ఒకరు దుంపకుళ్లు పేజీ మీద ఉన్నారు. పది నిమిషాలయ్యాక చూసినా అక్కడే. పొద్దున లేచి మందు మోతాదుల పేజీ రాశాను. ఆ లెక్కే లేకపోతే నా సైటు ఈపాటికి ఉండేది కాదు. మీరు దాన్ని అబద్ధం అంటుంటే నాకు కష్టంగా ఉంది.

విమల_గుంటూరు
అబద్ధమని కాదు నాయనా. మీకు ఆ ఒక్కరు చాలారు. మా ఎడిటర్ గారికి చాల్లేదు. నా బాధ అదీ.

సర్వర్_శ్రీను
అది ఒప్పుకుంటాను. పద్మజ గారూ, అనలిటిక్స్ అడ్మిన్‌లో డేటా రిటెన్షన్ (డేటా ఎన్నాళ్లు దాచాలన్నది) మామూలుగా 2 నెలలే ఉంటుంది. ఇవాళే 14 చెయ్యండి, పోయిన డేటా మళ్లీ రాదు.

పద్మజ_తెనాలి
మార్చాను. మా ఆయనకి, అంటే మా తోటి సంపాదకుడికి, ఈ చర్చంతా చదివి వినిపించాను. ఇంకా ఒప్పుకోలేదు. మూడు నెలలు గడువు అడిగాను. ఈలోగా ప్రతి శీర్షిక కిందా రాసినవాళ్ల మెయిల్ ఐడీ పెడుతున్నాం.