బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ కొలవడానికి కూడా పేటెంటా?

వేరుశనగ చేను (అనంతపురం):
నేను చదివిన కాలేజీ వాళ్ళ దరఖాస్తు ఒకటి పేటెంట్ జర్నల్‌లో వచ్చింది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచే కడ్డీ) ముంచి, రీడింగ్‌ను బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎర్ర రంగు చూపించడం, మొదటి క్లెయిమ్, అంటే ఇది మా హక్కు అని వాళ్ళు కోరుకున్న మొదటి అంశం, ఇంతే. ఆ ఎలక్ట్రోడ్ గురించి ఫ్రాంట్, రాస్ అనేవాళ్ళు 1966లోనే సైన్స్ పత్రికలో రాశారు. నీళ్ళకు సమానంగా బఫర్ (ఫ్లోరైడ్‌ను విడిగా ఉంచే ద్రావణం) కలపాలని, లేకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకుని రీడింగ్ తక్కువ వస్తుందని ఎమ్మెస్సీ పిల్లలకు కూడా తెలుసు. మన జిల్లాలో పళ్ళు గారపట్టిన పిల్లలు, నడుము వంగిపోయిన పెద్దవాళ్ళు ఉన్న ఊళ్ళు ఎన్ని లేవు? రేపు ఒక పంచాయతీ ఇట్ల కొలుచుకోవాలంటే వీళ్ళ అనుమతి తీసుకోవాలా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
జర్నల్‌లో వచ్చినంత మాత్రాన పేటెంట్ వచ్చినట్టు కాదమ్మా. మామూలుగా 18 నెలలకు ప్రచురిస్తారు, ముందే ప్రచురించమని ఫారం 9 వేసి ఫీజు కడితే నెలలోపే వేస్తారు. పరిశీలన ఆ తర్వాత, అది కూడా విడిగా అడిగితేనే. అడగకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మీ టైటిల్ తప్పు, మార్చండి.

వేరుశనగ చేను:
టైటిల్ సంగతి తర్వాత. కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీలో 'పేటెంట్ సాధించిన అధ్యాపకులు' అని ఫొటోలు వేసుకున్నారు, వాళ్ళకు చెప్పండి ఆ తేడా.

పుష్పగిరి (కడప):
పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వాళ్ళకు 1995లో పేటెంట్ ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. అప్పుడు దేశమంతా కోప్పడ్డాం. మనవాళ్ళు చేస్తే మాట్లాడకూడదా?

హంద్రీ ఒడ్డు:
పసుపుకూ దీనికీ పోలిక లేదు. చూసిన తర్వాత ఏదైనా తెలిసిందే అనిపిస్తుంది. డీఎన్ఏకు కాపీలు తీసే పీసీఆర్ పద్ధతి సంగతే తీసుకోండి. ఎంజైమూ, ప్రైమర్లూ అన్నీ అప్పటికే ఉన్నవే. ఖొరానా గారి ల్యాబ్ 1971 పేపర్‌లోనే ఆ ఆలోచన ఉందని డూపాంట్ కంపెనీ కోర్టుకు పోయింది. 1991లో జ్యూరీ పేటెంట్ చెల్లుతుందనే తేల్చింది. దాన్ని కనిపెట్టిన ముల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది. ఇదంతా తెలిసిందే అని అప్పుడు కొట్టిపారేసి ఉంటే?

చిత్రావతి (వకీలు, అనంతపురం):
సార్, పీసీఆర్‌లో ముక్కలన్నీ కలిస్తే కొత్త ఫలితం వచ్చింది, ఒక్క డీఎన్ఏ ముక్క కోట్ల కాపీలైంది. ఇక్కడ ఎలక్ట్రోడ్ ఎలక్ట్రోడ్ పనే చేస్తుంది, ఫోన్ ఫోన్ పనే చేస్తుంది. తెలిసిన పరికరాలు వాటి వాటి పని అవి చేసుకుంటుంటే, ఊరికే పక్కపక్కన అమర్చడం ఆవిష్కరణ కాదని 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) చెబుతోంది.

హంద్రీ ఒడ్డు:
సెక్షన్ 47 కూడా చదవండి మరి. పేటెంట్ ఇచ్చినా ప్రయోగానికీ, పరిశోధనకూ, పిల్లలకు పాఠం చెప్పడానికీ ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

చిత్రావతి:
పంచాయతీ బోరు పరీక్ష పాఠమూ కాదు, పరిశోధనా కాదు.

బుక్కపట్నం చెరువు:
ఫీజెంతో? మా తమ్ముడి కాలేజీలో తలా ఇంత వేసుకోమంటున్నారంట.

చిత్రావతి:
ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తుకు విద్యాసంస్థకు 1,600, పెద్ద కంపెనీకి 8,000. 2021లో విద్యాసంస్థలకు 80 శాతం తగ్గించారు. ఏజెంట్ ఫీజు వేరే.

హంద్రీ ఒడ్డు:
వేరుశనగ చేను గారూ, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఒక్క కాలేజీ మీద ఇంత కోపమెందుకు? కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పేటెంట్లకు మార్కులున్నాయి, దేశంలో ప్రతి కాలేజీ ఇదే చేస్తోంది.

వేరుశనగ చేను:
చెబుతా. ఆ పని నాది. 42 ఊళ్ళు తిరిగి బాటిళ్ళు తెచ్చింది నేను. మా నాన్న చేను పనులు ఆపుకుని స్కూటర్ మీద తిప్పాడు. ఎండాకాలంలో పెట్రోలు, నీళ్ళు, భోజనం అంతా మా ఖర్చే. దరఖాస్తులో ఐదుగురు ఆవిష్కర్తల పేర్లున్నాయి, అందులో ఇద్దరు మా ల్యాబ్ తలుపు కూడా తెరవలేదు. నా పేరు లేదు.

హంద్రీ ఒడ్డు:
అదీ అసలు సంగతి! పొద్దుటి నుంచి ఇది అందరికీ తెలిసిన పద్ధతి అంటున్నారు, ఇప్పుడేమో నా పేరు లేదంటున్నారు. పేరు వేసి ఉంటే ఈ పోస్టు పెట్టేవారా?

వేరుశనగ చేను:
పెట్టేదాన్ని కాదేమో. అది ఒప్పుకుంటా. కానీ నేను కనిపెట్టానని ఎప్పుడూ అనలేదు. తెలిసిన పద్ధతితోనే కొలిచాను, నా రిపోర్టు మొదటి పేజీలోనే అట్ల రాశాను. నా కష్టం ఆ ఊళ్ళ అంకెలు. ఏ బోరు తాగొచ్చు, ఏది తాగకూడదు అని నేను వేసిన పట్టికను ఒక్కరూ అడగలేదు. పనికొచ్చేది బీరువాలో పెట్టి, పాతదానికి కొత్త పేరు పెట్టుకుని ఫొటోలు దిగారు. మీకు ఇది తప్పు అనిపించడం లేదా సార్?

పుష్పగిరి:
ఆ పట్టిక ఆ ఊళ్ళవాళ్ళకు ఇచ్చారా?

వేరుశనగ చేను:
మూడు ఊళ్ళకు నేనే పోయి చెప్పొచ్చాను. మిగతావి కాలేజీ ద్వారా పంపుతామన్నారు, పంపలేదు.

హంద్రీ ఒడ్డు:
నేను కూడా లెక్చరర్‌నే. ఇట్లాంటివి రెండిట్లో నా పేరుంది. అప్రైజల్ ఫారంలో పేటెంట్ల గడి ఖాళీగా ఉంటే ఇంక్రిమెంట్ ఆపుతారు, నాకు ఇద్దరు పిల్లలు. మీరంతా దొంగల్లా మాట్లాడుతుంటే ఊరుకోలేకపోయాను. ఊరూరా నీళ్ళు పరీక్షించి పట్టిక వేస్తే ఆ ఫారంలో రాసుకోవడానికి గడి లేదమ్మా. మీకు జరిగింది తప్పే.

చిత్రావతి:
అమ్మా, మంజూరు అయ్యేలోపు సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. ప్రచురించిన ఆరు నెలల దాకా ఎటూ మంజూరు చేయరు. అయితే ఒకటి తేల్చుకోండి. మీ పని కాజేశారని వేస్తారా, ఇది పాత పద్ధతేనని వేస్తారా? రెండోదే గట్టిది. మీ రిపోర్టు వాళ్ళ దరఖాస్తు కన్నా ముందే లైబ్రరీలో ఎవరైనా చూసుకునేలా ఉండి ఉంటే అదే సాక్ష్యం. దాని మీద తేదీ స్టాంప్ ఉందా?

వేరుశనగ చేను:
పాత పద్ధతేనని వేస్తా, నా పేరు లేకపోయినా సరే. స్టాంప్ వేయించిన గుర్తుంది, తేదీ గుర్తులేదు. సోమవారం పోయి చూసి చెబుతా.