వాషింగ్టన్ క్యాపిటల్‌లో పెయింటింగ్స్ చూడాలంటే టూర్ తీసుకోవాల్సిందేనా?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలతో వాషింగ్టన్ వెళ్తున్నాం. నాన్నగారికి బొమ్మలంటే ప్రాణం. క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు) భవనం లోపల మనంతట మనమే తిరిగి చూడొచ్చా, టికెట్ ఎంత?

జవాబు 1: టికెట్ లేదండి, టూర్ ఫ్రీ. కానీ రొటండాలోకి (గుమ్మటం కింద ఉన్న గుండ్రటి హాలు) గైడ్‌తోనే వెళ్లాలి. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, అమెరికాలో ఉంటే మీ ఏరియా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడి ఆఫీసు ద్వారా కూడా అడగొచ్చు. నీళ్లు, తిండి లోపలికి తేనివ్వరు, ఖాళీ బాటిల్ ఓకే.

జవాబు 2: రొటండాలో అందరూ ట్రంబుల్ అనే చిత్రకారుడు వేసిన 'స్వాతంత్ర్య ప్రకటన' ముందు ఫోటోలు దిగి వెళ్లిపోతారు, మీరు మాత్రం నాన్నగారిని తల పైకెత్తి చూడమనండి. గుమ్మటం లోపల దాదాపు 180 అడుగుల ఎత్తున ఉన్న ఫ్రెస్కో (తడి సున్నం మీద వేసే బొమ్మ) బ్రుమిడి అనే ఇటలీ చిత్రకారుడు 1865లో పూర్తి చేసింది, తడి సున్నం ఆరేలోపే రంగు వేయాలి కాబట్టి ఏ రోజు భాగం ఆ రోజే అయిపోవాలి, అంత ఎత్తులో! దాని కింద చుట్టూ ఉన్న చరిత్ర బొమ్మల పట్టీ కూడా ఆయనే మొదలుపెట్టాడు గానీ 1880లో పోయాడు, మిగతాది వేరేవాళ్లు వేశారు, 1953 దాకా పట్టింది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి! అక్కడ రాష్ట్రాల తరఫున పెట్టిన విగ్రహాలు కూడా ఉంటాయట కదా, అవన్నీ ఒకే హాల్లో ఉంటాయా?

జవాబు 2: లేదండి, రాష్ట్రానికి రెండు చొప్పున మొత్తం 100, భవనమంతా సర్దారు. టూర్‌లో అన్నీ కనిపించవు. ఆ గుమ్మటం బొమ్మ చూస్తే మాత్రం మెడనొప్పి గ్యారంటీ అనుకోండి :)