ఫ్రెండ్‌కి నా సాక్ష్యం (దేవుడు నా జీవితంలో చేసింది) చెప్పాలనుకున్నాను, లడ్డూ దగ్గరే చెడింది. ఇప్పుడేం చేయాలి?

కూకట్‌పల్లి తమ్ముడు (ప్రశ్న)

అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది ప్రకాశం జిల్లా, ఉద్యోగం హైదరాబాద్‌లో. మా ఇంట్లో మూడు తరాలుగా చర్చికి వెళ్తున్నాం, కానీ బీటెక్ అయ్యేదాకా నాకు దేవుడంటే ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బెంచీలో కూర్చోవడం, అంతే. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఐపీఎల్ బెట్టింగ్‌లో దిగాను. మొదట ఐదొందలు, తర్వాత ఐదు వేలు, ఆ తర్వాత లోన్ యాప్‌లు, చివరికి నాలుగు లక్షల పైచిలుకు అప్పు. రికవరీ వాళ్లు నా కాంటాక్టుల్లో ఉన్న అందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టిన రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసి రూమ్‌లో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఏం ఆలోచించానో ఇక్కడ రాయను, మీకు అర్థమవుతుంది. అమ్మ సూట్‌కేస్‌లో పెట్టిన బైబిల్ అప్పటికింకా జిప్ కవర్‌లోనే ఉంది. తీసి లూకా 15 చదివాను. సండే స్కూల్లో వందసార్లు విన్న కథే, ఆస్తంతా పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన తప్పిపోయిన కొడుకుది. కానీ కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూసి పరుగెత్తాడన్న చోట ఆగిపోయాను, ముందుకి చదవలేకపోయాను, ఎంతసేపు ఏడ్చానో తెలియదు. తెల్లవారుజామున ఐదింటికి నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. నాన్న తిట్టలేదు. "ముందు బస్సెక్కి ఇంటికి రా, అన్నం తిన్నాక మాట్లాడుకుందాం" అన్నాడు. అప్పు తీరడానికి రెండున్నరేళ్లు పట్టింది. ఆ రాత్రి తర్వాత మళ్లీ పందెం కట్టలేదు.

ఇక అసలు సంగతి. నా రూమ్మేట్, మా టీమ్‌లోనే చేస్తాడు, హిందువుల అబ్బాయి, మూడేళ్లుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. నేను జ్వరంతో పడుకుంటే రసం కాచి పెట్టినవాడు. వాడికి నా దేవుడి గురించి చెప్పాలని నాకు నిజంగా ఉంది. ఈమధ్య మా చర్చిలో క్రిస్మస్‌లోపు ఒక్కొక్కరు ఒక ఆత్మని, అంటే ఒక కొత్త మనిషిని విశ్వాసంలోకి, తీసుకురావాలని చెప్పి, పేరు చీటీ మీద రాసి డబ్బాలో వేయమన్నారు. నేను వాడి పేరు రాశాను. అప్పటినుంచీ టెన్షన్.

పోయిన నెల వాళ్ల అమ్మానాన్న తిరుపతి వెళ్లొచ్చారు. వాడు ఆఫీసుకి లడ్డూ తెచ్చి అందరికీ తుంచి పెడుతున్నాడు. నా దగ్గరికి రాగానే, నలుగురి ముందు, "మేం విగ్రహాలకి పెట్టినవి తినం" అనేశాను. వాడి చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత మెల్లగా కవర్ మూసి "సారీ రా, నాకు తెలియదు" అన్నాడు. ఇంతకాలం పులిహోర, పరమాన్నం అన్నీ వాడితో కలిసి తిన్నవాణ్ణే. ఆ రాత్రి దాన్ని సరిచేద్దామని ఒక నలభై నిమిషాల ప్రసంగం లింక్ వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. అప్పటినుంచి పని మాటలు తప్ప వేరే మాటలు లేవు.

సారీ చెప్పాలా? చెబితే నా విశ్వాసానికి సారీ చెప్పినట్టు అవుతుందా? ఇంకెప్పటికైనా వాడికి సాక్ష్యం చెప్పగలనా?

రిటైర్డ్ టీచరమ్మ, ఒంగోలు

నాయనా, ముందు ఆ చీటీ సంగతి చెప్తాను. ప్రార్థనకి పేరు రాసుకోవడం వేరు, లెక్కకి రాసుకోవడం వేరు. లెక్కకి రాసిన మరుక్షణం నుంచి వాడు నీకు రసం కాచి పెట్టిన స్నేహితుడిగా కనబడడు. నీ టెన్షన్ అక్కడ మొదలైందని నువ్వే రాశావు.

మన జిల్లాలో సువార్త ఎలా పాకిందో నీకెవరైనా చెప్పారా? ఒంగోలులో 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. అందరూ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర గురించే చెప్తారు కానీ అంతకు ముందే యెర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన ఉన్నాడు, మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు యేసు గురించి విన్నాడు. తిరిగొచ్చి తాళ్లకొండపాడులో తన ఇంటివాళ్లకీ చుట్టాలకీ చెప్పాడు. ఆయన దగ్గర కరపత్రం లేదు, మైకు లేదు. ఆయన తాగుబోతో కాదో, అబద్ధమాడతాడో ఆడడో విన్నవాళ్లందరికీ చిన్నప్పటినుంచీ తెలుసు. దొర ఆ ఊరు వెళ్లేసరికే వినడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారంటే ఆ పని పేరయ్యదే.

ఇంకొకటి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆపి కూర్చున్నప్పుడు కూలివాళ్లు అడిగేవారు, వీళ్లు చెప్పేవారు. ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మన్నారు. ఏడాదికి పైగా ఇవ్వలేదు! అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కూలి పని, సాయం అన్నీ అయిపోయేదాకా ఆగారు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మన చర్చిల్లో ఏటా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ ఆగిన రోజులే ఎక్కువ గుర్తొస్తాయి. ఆకలి మీదున్న మనిషికి కూడా తన మనసు తను తెలుసుకునే టైమ్ ఇచ్చారు. నీ ఫ్రెండ్‌కి క్రిస్మస్ గడువు పెట్టడానికి మనమెవరం?

సారీ చెప్పు నాయనా. నలుగురిలో అన్నావు కాబట్టి కుదిరితే ఆ నలుగురి ముందే చెప్పు.

వరంగల్ చదువరి

నేను క్రైస్తవుణ్ణి కాదు. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, అయినా ఆ ఫ్రెండ్ స్థానంలో ఉన్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మూడేళ్ల కింద మా నాన్నకి లివర్ పాడై ఆస్పత్రిలో పెట్టాం. అక్కడ వార్డులకి తిరుగుతూ ప్రార్థన చేసే ఒకాయన వచ్చి, నమ్మితే పది రోజుల్లో లేచి నడుస్తాడు, మీ ఇంట్లో పటాలు తీసేయండి అన్నాడు. మా అమ్మ ఆ రాత్రంతా, తీసేయాలా వద్దా అని ఏడ్చింది. నాన్న తొమ్మిదో రోజు పోయాడు. అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంది, "తీసేసి ఉంటే బతికేవాడేమో" అని. ఆ మాట మా అమ్మ నెత్తిన పెట్టి వెళ్లినాయనకి ఇది ఎప్పటికీ తెలియదు.

అదే ఆస్పత్రికి మా ఆఫీసులో పనిచేసే అక్క ఒకామె, ఆమె క్రైస్తవురాలే, రోజూ సాయంత్రం స్టీలు క్యారియర్‌లో అన్నం, చారు తెచ్చేది. అమ్మ శనివారం ఉల్లిపాయ తినదని తెలుసుకుని ఆ రోజు లేకుండా వండుకొచ్చింది. ఐదో రోజో ఆరో రోజో నన్ను బయటికి పిలిచి "మీకు అభ్యంతరం లేకపోతే నాన్నగారి కోసం ఇక్కడే వరండాలో ప్రార్థన చేసుకుంటాను, మీరు రావక్కర్లేదు" అంది. నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను. బాగవుతాడని ఆమె చెప్పలేదు. నొప్పి తగ్గించమని, మా అమ్మకి తోడుగా ఉండమని అడిగింది, అంతే. ఏడాది తర్వాత నేనే ఆమెని అడిగాను, మీరు ఎందుకిలా ఉంటారు అని. అప్పుడు చెప్పింది, రెండు గంటలు విన్నాను. నేను మతం మారలేదు, మారతానో లేదో నాకు తెలియదు. కానీ యేసు గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇప్పుడు ఆ క్యారియర్ గుర్తొస్తుంది.

తమ్ముడూ, లడ్డూ వద్దన్నందుకు మీ ఫ్రెండ్ బాధపడి ఉండడు. మా అమ్మ ఉపవాసం ఉంటే మాంసం వద్దంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్ల అమ్మానాన్న క్యూలో గంటలు గంటలు నిలబడి తెచ్చినదాన్ని ఎంగిలిలా మాట్లాడటం వల్ల బాధపడి ఉంటాడు.

యువజన సంఘం, గుంటూరు

అందరూ మెల్లగా మెల్లగా అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు బ్రదర్. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయినాయన, బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరిచేత తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే నాకు కీడు) అని చెప్పించేవారు. చదువు రాని కూలివాళ్ల చేత కూడా. మనం బీటెక్‌లు చదివి నోరు మూసుకుని "జీవితంతో చూపిస్తాం" అంటే అది ఎక్కువసార్లు భయానికి పెట్టుకున్న మంచి పేరే. లింక్ పంపడం తప్పు కాదు. రేపు వాడికి ఏమైనా అయితే?

సంఘ పెద్ద, విజయవాడ

గుంటూరు తమ్ముడి భారం నాకు అర్థమైంది, నోరు తెరవాలన్నది నిజమే. కానీ అదే డోర్నకల్ చరిత్రలో ఇంకో సంగతి ఉంది. పల్లెల్లో మాల మాదిగ పేటల్లో క్రైస్తవులైనవాళ్ల బతుకు మారడం, తాగుడు, పోట్లాటలు తగ్గడం కళ్లారా చూసి ఊళ్లో ఇతర కులాలవాళ్లు కూడా సంఘంలోకి వచ్చారు. అక్కడ మాట, బతుకు రెండూ కలిసే నడిచాయి.

కూకట్‌పల్లి తమ్ముడూ, నువ్వు పంపిన ప్రసంగం వేరేవాళ్ల సాక్ష్యం. నీది నువ్వు ఈ పోస్టు మొదట్లోనే రాసేశావు. జిప్ కవర్‌లో బైబిల్, తెల్లవారుజామున ఫోన్, నాన్న చెప్పిన ఆ మాట. దానికి నువ్వు ఒక్క వచనం కూడా కలపక్కర్లేదు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో దయ్యాలు వదిలిన మనిషి యేసు వెంట వస్తానని బతిమాలితే ఆయన రానివ్వలేదు, నీ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లి ప్రభువు నీకు చేసింది చెప్పు అన్నాడు. చేసింది చెప్పమన్నాడు, వాదించమనలేదు.

భాష గురించి ఒక మాట. మనం చర్చిలో మాట్లాడే తెలుగు బయటివాళ్లకి సగం అర్థం కాదు. రక్షణ పొందావా అంటే ఎవరి నుంచి అని చూస్తారు. మారుమనస్సు, అభిషేకం, ఆత్మల సంపాదన, ఈ మాటలు మనకి పాలలా అలవాటు. నా పక్కింటాయనకి నేను మొదటిసారి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు విని "మీరు చెప్పేది మంచిదే సార్, కానీ ఒక్క ముక్క బోధపడలేదు" అన్నారు. అప్పటినుంచి నేను ఇంట్లో మా ఆవిడతో మాట్లాడే తెలుగులోనే చెప్తున్నాను. పాపం అనడానికి బదులు నేను చేసిన ఫలానా తప్పు అని చెప్తాను, అది చెప్పడమే కష్టం.

ప్రసాదం విషయంలో మన సంఘాల్లోనే ఒక మాట లేదు. విగ్రహాలకి పెట్టిన తిండి గురించి పౌలు కొరింథీయులకు రాసినదాన్ని పట్టుకుని తినేవాళ్లున్నారు, తిననివాళ్లున్నారు. నీ మనస్సాక్షి వద్దంటే తినకు. "అమ్మానాన్న దర్శనం బాగా అయిందా? నేను తినను రా, ఏమీ అనుకోకు" అంటే సరిపోయేది. అది సారీలో చెప్పు. తిననందుకు సారీ చెప్పక్కర్లేదు, అన్న తీరుకి చెప్పాలి. విశ్వాసానికి సారీ చెప్పినట్టు ఎలా అవుతుంది, పేతురు మొదటి పత్రిక 3:15లో జవాబు సాత్వికంతో చెప్పమనే కదా ఉంది.

ఆఫీసు కాబట్టి ఇది కూడా తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణ మన మతం గురించి ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. కానీ 1977లో సుప్రీంకోర్టు, అది మన నమ్మకాలు వివరించే హక్కే తప్ప ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని చెప్పింది. మనుషుల్ని మార్చేది దేవుడని నమ్మే మనకి అందులో బాధేమీ లేదు.

కూకట్‌పల్లి తమ్ముడు

అందరికీ చాలా థ్యాంక్స్. వరంగల్ అన్నా, మీ అమ్మగారి గురించి చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను.

ముందు పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి ఆ చీటీ వెనక్కి అడిగాను. ఆయన ఏమంటారో అని భయపడ్డాను, కానీ తీసిచ్చేశారు, తనకీ ఆ డబ్బా గురించి మనసులో ఏదో ఉందన్నారు. ఇప్పుడు ఆ చీటీ నా బైబిల్‌లో లూకా 15 దగ్గర ఉంది.

నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ నలుగురూ ఉన్నప్పుడే సారీ చెప్పాను. వాడు "వదిలెయ్ రా" అన్నాడు, మొహం మాత్రం ఎత్తలేదు. రాత్రి ఫ్లాట్‌లో చపాతీలు చేస్తుంటే, వాడు వత్తుతున్నాడు నేను కాలుస్తున్నాను, ఉన్నట్టుండి "నువ్వు బెట్టింగ్ ఎలా మానేశావురా, మా తమ్ముడు ఈమధ్య అందులో పడ్డాడు" అన్నాడు. నేను ఇంతవరకూ వాడికి అప్పులైన సంగతే చెప్పాను, ఆ రాత్రి సంగతి చెప్పలేదు. చెప్పాను. స్విచాఫ్ చేసిన ఫోన్ దగ్గర్నుంచి మొత్తం, ఇక్కడ రాయనిది కూడా. ఒక చపాతీ మాడిపోయింది, ఇద్దరం చూసుకోలేదు. అంతా విని వాడు ఒక్కటే అడిగాడు, "మీ నాన్న నిజంగా ఏమీ అనలేదా?"

శనివారం వాళ్ల తమ్ముడు నిజామాబాద్ నుంచి వస్తున్నాడు. నన్ను కూడా కూర్చుని మాట్లాడమన్నాడు. వాడి అప్పు రెండు లక్షల దాకా ఉందట, ఇంట్లో ఇంకా తెలియదు. దయచేసి ఆ పిల్లవాడి కోసం ప్రార్థన చేయండి, శనివారం సాయంత్రం ఆరింటికి.