టైటానియాకు రంగు తేవాలా, లోపాలు తీసేయాలా? హైడ్రోజన్ ఫొటోకెటలిస్టులపై చర్చ

కాంతిరేఖ:
ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే పొడుల (ఫొటోకెటలిస్టుల) సంగతి ఇది. అనటేజ్ టైటానియా (టైటానియం డయాక్సైడ్‌లో ఒక స్ఫటిక రూపం) బ్యాండ్‌గ్యాప్ 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దానిలోని ఎలక్ట్రాన్‌ను లేపడానికి వెలుగు ఇవ్వాల్సిన కనీస శక్తి అంత. 387 నానోమీటర్లు దాటిన వెలుగు దానికి అంటదు. ఎండలో యూవీ సుమారు 5 శాతమే. అందుకే నైట్రోజన్ డోపింగే (స్ఫటికంలో కొద్దిగా నైట్రోజన్ చొప్పించడమే) దారి అంటాను. అమ్మోనియా ప్రవాహంలో 550–600 డిగ్రీల దగ్గర కాలిస్తే పొడి పసుపెక్కి విజిబుల్ వెలుగు పీలుస్తుంది. కాదనేవాళ్లున్నారా?

పెరోవ్‌స్కైట్_పక్షం:
నేనున్నానండీ. పొడి పసుపెక్కినంత మాత్రాన నీళ్లు విడిపోవు. ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ కూర్చుంటే చార్జి లెక్క తప్పుతుంది, దాన్ని సరిచేయడానికి ఆక్సిజన్ ఖాళీలు పుడతాయి. వెలుగుకు లేచిన ఎలక్ట్రాన్లూ, అవి వదిలిన ధనావేశపు చోట్లైన హోల్సూ నీటిని విడగొట్టకుండానే అక్కడే కలిసిపోతాయి. పైగా నైట్రోజన్ స్థాయిల్లో పుట్టిన హోల్స్ సరిగా కదలవు.

2020లో జపాన్‌లో డోమెన్ బృందం ఏం చేసిందో చూడండి. స్ట్రాన్షియం టైటనేట్ (పెరోవ్‌స్కైట్ కుటుంబపు స్ఫటికం) బ్యాండ్‌గ్యాప్ జోలికే పోలేదు. కరిగించిన స్ట్రాన్షియం క్లోరైడ్‌లో (ఫ్లక్స్), 1150 డిగ్రీల దగ్గర, అల్యూమినియం కలిపి Ti³⁺ (ఒక ఎలక్ట్రాన్ ఎక్కువున్న టైటానియం) లోపాల్ని అణిచేశారు. తర్వాత వెలుగులోనే వరసగా 0.1 శాతం రోడియం, 0.05 క్రోమియం, 0.05 కోబాల్ట్ పొడి మీద పేర్చారు. ఎలక్ట్రాన్లు చేరే ముఖాల మీద రోడియం, హోల్స్ చేరే ముఖాల మీద కోబాల్ట్ వాటంతటవే పేరుకున్నాయి. క్రోమియం పొర లేకపోతే పుట్టిన హైడ్రోజన్, ఆక్సిజన్ రోడియం మీదే మళ్లీ నీళ్లయిపోతాయి. 350–360 నానోమీటర్ల దగ్గర క్వాంటం ఎఫిషియెన్సీ (పడిన ఫోటాన్లలో పనికొచ్చిన వాటా) 96 శాతం దాకా వచ్చింది!

కాంతిరేఖ:
అది యూవీ లెక్క కదండీ. అదే రకం పొడితో 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు ఆరుబయట పెడితే (2021) ఎండ నుంచి హైడ్రోజన్‌కు మారింది అత్యధికంగా 0.76 శాతం. యూవీ ఫోటాన్ ఒక్కటీ వృథా కాకపోయినా 2 శాతం దాటడం కష్టం. రోడియం డోప్ చేసిన స్ట్రాన్షియం టైటనేట్ 520 నానోమీటర్ల దాకా పనిచేస్తుంది, అదీ డోపింగేగా?

పెరోవ్‌స్కైట్_పక్షం:
ఒప్పుకుంటాను. అయితే రెండు పొడులు కలిపి వాడే ఏర్పాటులో దాని పని హైడ్రోజన్ వరకే. ఆక్సిజన్ బాధ్యత బిస్మత్ వెనడేట్‌ది, మధ్యలో బంగారు పొర. 2016లో 1.1 శాతం అలా వచ్చింది, అదీ 10 కిలోపాస్కల్ తక్కువ పీడనంలో. ఒకే పొడి రెండు పనులూ చేయాలంటేనే నైట్రోజన్ డోపింగ్ దెబ్బతింటుందని నా అభ్యంతరం.

గ్యాస్‌క్రొమాటో:
ఇద్దరూ కొలత సంగతి వదిలేశారు. 10 శాతం మిథనాల్ కలిపి తీసిన అంకెల్ని నీటి విభజన అంకెల పక్కన పెట్టకూడదు, అక్కడ హోల్స్‌ను మింగేది మిథనాలే. గ్రాముకి గంటకి ఇన్ని మైక్రోమోల్స్ అన్న లెక్కా నమ్మదగ్గది కాదు. 100 మిల్లీగ్రాముల బదులు 10 వేస్తే వచ్చే వాయువు అదే నిష్పత్తిలో తగ్గదు కాబట్టి, అంకె దానంతటదే పెరిగి కూర్చుంటుంది. కాంతిరేఖ గారూ, మిథనాల్ లేకుండా, 420 నానోమీటర్ల కటాఫ్ ఫిల్టర్ (అంతకు తక్కువ తరంగదైర్ఘ్యాల్ని ఆపేది) పెట్టి, రియాక్టర్లో గాలి పూర్తిగా లాగేసి నడపండి. హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1లో వస్తున్నాయా? చీకట్లో బ్లాంక్ (వెలుగు లేకుండానే వచ్చే వాయువు) ఎంత? ఆ రెండూ ఇక్కడ పెడితే నైట్రోజన్ సంగతి తేల్చుకోవచ్చు.