సవర పిల్లల గణిత ప్రతిభపై పరిశోధన: అధ్యాపక వృత్తికి దారి ఉందా?

ప్రశ్న (గణిత ఉపాధ్యాయుడు, గజపతి జిల్లా):

పెద్దలందరికీ నమస్కారం. పర్లాకిమిడికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా గణితం బోధిస్తున్నాను, ఎం.ఎడ్. పూర్తయింది. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మా విద్యార్థుల్లో చాలామంది ఇళ్లలో సవర. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సంతలో తల్లి పక్కన కూర్చుని చింతపండు తూకాలూ ధరలూ నోటితోనే తేల్చేస్తుంది. చక్రవడ్డీ లెక్కను తెలుగులో చెబితే, నేను నేర్పని పద్ధతిలో చేసి చూపింది. అటువంటి లెక్కే ప్రతిభా పరీక్షలో ఒడియాలో అచ్చయి వచ్చినప్పుడు రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఎంపిక జాబితాలో ఆమె పేరు రాలేదు. ఇటువంటి పిల్లలను గుర్తించి పెంచే విషయంపైనే పీహెచ్‌డీ చేసి, అధ్యాపకుడిగా స్థిరపడాలని ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఇద్దరు బిడ్డల తండ్రిగా, ఈ దారి పట్టవచ్చునా? ఏ విభాగంలో చేరాలి?

జవాబు (విద్యాశాస్త్ర అధ్యాపకురాలు, బరంపురం):

మాస్టారూ, ముందు ఉద్యోగం సంగతి చెబుతాను. అమెరికాలో కనెక్టికట్, పర్డ్యూ విశ్వవిద్యాలయాల్లో ప్రతిభావంతుల విద్యకు ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి; మన దగ్గర ఆ పేరుతో విభాగం దొరకడం కష్టం కనుక, విద్యాశాస్త్రంలోనో మనోవిజ్ఞానంలోనో చేరి దీన్ని మీ పరిశోధనాంశంగా తీసుకోవాలి. 2024 నుంచి అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ మార్కులను పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పరిగణిస్తున్నారు. బి.ఎడ్.లో ప్రతిభావంతుల విద్యను ప్రత్యేకాంశంగా పెట్టవచ్చునని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అయినా ఆ ఒక్క మాటను నమ్ముకుని చేతిలో ఉన్న ఉద్యోగం వదలవద్దు, పీహెచ్‌డీని పార్ట్‌టైమ్‌గా చేయండి.

మీ ప్రశ్న మాత్రం ఈ శాస్త్రానికి ఆయువుపట్టు. 1921లో మనోవిజ్ఞాని లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో ప్రజ్ఞాపరీక్షతో ఏరిన వెయ్యిన్నర మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలుపెట్టాడు. ఆ ఏరివేతలో నిలవని విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ తరువాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 1978లో అమెరికా విద్యా మనోవిజ్ఞాని జోసెఫ్ రెంజుల్లి, సగటుకు మించిన సామర్థ్యం, సృజన, పట్టుదల మూడూ కలిసినప్పుడే ప్రతిభ అన్నాడు. కెనడాకు చెందిన మనోవిజ్ఞాని గాన్యే సహజంగా ఉన్న సామర్థ్యాన్నీ, సాధనతో పండిన ప్రతిభనూ వేరు చేశాడు. మీరు చెప్పిన విద్యార్థిని దగ్గర మొదటిది ఉంది; రెండోదానికి తలుపు పరీక్ష మాధ్యమం దగ్గరే మూసుకుపోయింది.

జవాబు (పాఠశాల మనోవిజ్ఞాన పరిశోధకుడు, సిరొంచ):

మా గడ్చిరోలి జిల్లాలోనూ ఇదే స్థితి: ఇంట్లో తెలుగో గోండీయో, బడిలో మరాఠీ. మా రాష్ట్రంలో 1962 నుంచి పుణెలోని జ్ఞానప్రబోధిని అనే విద్యాసంస్థ ఈ రంగంలో పనిచేస్తోంది; అక్కడి మనోవిజ్ఞాన సంస్థను ఒకసారి చూసి రండి. బొమ్మలతోనే సాగే రావెన్ ప్రజ్ఞాపరీక్షలో చదవవలసినది ఉండదు కనుక అది మీకు ఉపయోగపడుతుంది, కానీ ఒక్క దానిమీదే ఆధారపడకండి. ఫ్లోరిడాలోని ఒక పెద్ద విద్యాజిల్లాలో ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ సిఫారసు చేసిన పిల్లలను మాత్రమే పరీక్షించే పద్ధతి మాని, 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరినీ పరీక్షించినప్పుడు, పేద పిల్లలూ నల్లజాతి, హిస్పానిక్ పిల్లలూ ఎక్కువగా వెలుగులోకి వచ్చారని ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో చూపారు. కాబట్టి మీకు నచ్చిన పిల్లలను కాక, తరగతినంతా తీసుకోండి.

ప్రశ్న వేసినవారు:

చాలా ధన్యవాదాలు. మా పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చి, ఆ పిల్లల కోసం వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు గుర్తుకొచ్చారు. నాకు సవర అంతంతమాత్రమే వచ్చు. అది అడ్డమవుతుందా?

జవాబు (బరంపురం అధ్యాపకురాలు):

అవుతుంది, కాబట్టి ఇప్పటినుంచే నేర్చుకోండి. ఈలోగా ఒకే స్థాయి లెక్కలను సవర, తెలుగు, ఒడియా మూడింటిలో నోటితో అడిగి, ప్రతి పిల్లవాడూ జవాబుకు ఏ దారిన చేరాడో తేదీతో సహా రాసిపెట్టండి. పరిశోధనకు వాడేముందు తల్లిదండ్రుల అనుమతి వారి భాషలోనే వివరించి తీసుకోవాలి. పీహెచ్‌డీకి మార్గదర్శి కోసం వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకువెళ్లండి.