దేవరకొండ దగ్గర పాత టిప్పింగ్ ట్రాలీ బేరం: బయానా ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

హాలియా రైతు:

సభ్యులందరికీ నమస్కారం. సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఆరెకరాల వరి, మెరక మీద మూడెకరాల పత్తి ఉన్నాయి. 45 హెచ్‌పీ ట్రాక్టర్ నాలుగేళ్ల క్రితమే కొన్నాను గాని ట్రాలీ కొనలేదు. కోతల సమయంలో కిరాయి ట్రాలీ మా వంతుకు వచ్చేదాకా ధాన్యాన్ని కల్లంలోనే ఉంచి, మబ్బు పట్టినప్పుడల్లా పరదాలు కప్పుకుంటూ కూర్చోవలసి వస్తున్నది.

దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో రెండు చక్రాల హైడ్రాలిక్ ట్రాలీ అమ్మకానికి ఉందని తెలిసి, మొన్న వెళ్లి చూసి వచ్చాను. లోపలి కొలతలు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, డోర్ల ఎత్తు 2 అడుగులు. ఇది ఎనిమిదేళ్ల బండి అనీ, ధాన్యం, పత్తి తప్ప ఇందులో మరొకటి వేయలేదనీ యజమాని చెప్పాడు. కొత్తగా నీలం రంగు వేయించాడు కాబట్టి చూడటానికి ముచ్చటగానే ఉంది. నంబరు ఏపీ 24తో మొదలవుతుంది. 1,40,000 అడుగుతున్నాడు. ఇదే కొలతతో కొత్తది చేయించుకోవాలంటే మిర్యాలగూడలో ఒక షెడ్డు వాళ్లు 2,30,000 చెప్పారు.

ఆదివారంలోగా 10,000 బయానా ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు. ట్రాక్టర్ ఇంజన్ సంగతి కొంత తెలుసు గాని ట్రాలీలో ఏం చూడాలో నాకు తెలియదు. రేకు, చక్రాలు, తొట్టిని లేపే హైడ్రాలిక్ జాకీ తప్ప అందులో ఇంకేముంటుందని మా అన్న అంటున్నాడు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మిర్యాలగూడ మిస్త్రీ:

తమ్ముడూ, మీ అన్నగారు చెప్పిన ఆ మూడింటితోనే ఇరవై రెండేళ్లుగా నా షెడ్డు నడుస్తున్నది కనుక ఆయన మాటను నేను తప్పు పట్టను. కాకపోతే ఆ మూడింటినీ కలిపి పట్టుకొనే చాసిస్ ఒకటి ఉంటుంది, అమ్మేవాడు రంగు వేయించేది సాధారణంగా దాని కోసమే.

ముందుగా ఒక లెక్క చూడండి. మీరు చెప్పిన కొలతల ప్రకారం డోర్ల అంచు వరకు పట్టేది 120 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.4 ఘనపు మీటర్లు. ధాన్యం ఘనపు మీటరుకు 550 నుంచి 600 కిలోల దాకా తూగుతుంది కాబట్టి అంచు మట్టానికి నింపితే రెండు టన్నులు, పైన చెక్కలు కట్టి కుప్ప పోస్తే మూడు టన్నుల పైచిలుకు అవుతుంది. అదే తొట్టిలో ఇసుక నింపితే, పొడి ఇసుకే ఘనపు మీటరుకు దాదాపు 1,600 కిలోలు ఉంటుంది గనుక దాదాపు ఐదున్నర టన్నులు అవుతుంది, వాగులోంచి ఎత్తిన తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. అందుచేత ట్రాలీ వయసు కన్నా అది ఏం మోసిందన్నదే ముఖ్యం. పదిహేనేళ్లు ధాన్యం మోసిన ట్రాలీని నేను కళ్లు మూసుకొని కొంటాను గాని, మూడేళ్లు ఇసుక, మొరం మోసినదాన్ని సగం ధరకిచ్చినా ఆలోచిస్తాను. యజమాని నోటి మాటతో పని లేదు, తొట్టి అడుగు రేకే చెబుతుంది. ఇసుకను పారలతో ఎత్తి పోసిన తొట్టిలో పార అంచుల గీతలు వెనక డోర్ వైపు దట్టంగా ఉంటాయి. అడ్డ బద్దీల మధ్య రేకు కిందికి గిన్నెల్లాగా కుంగి ఉంటుంది. కొత్త రంగు గీతలను కప్పగలదు గాని కుంగుడును కప్పలేదు కాబట్టి, ఒక తిన్నని కర్రను రేకు మీద అడ్డంగా పెట్టి కింద వెలుతురు ఎంత కనబడుతుందో చూడండి.

ఇక చాసిస్. ట్రాక్టర్ హుక్కుకు తగిలించే కొండి దగ్గర నుంచి రెండు చానళ్లు విడిపోయి తొట్టి కిందికి పోయే చోట, అంటే ట్రాలీ మెడ దగ్గర, అతుకులన్నీ వేళ్లతో తడిమి చూడండి. పగులు మీద రంగు వేస్తే కొన్నాళ్లకు సన్నని తుప్పు గీత బయటికి వస్తుంది. ఇటీవలే రంగు వేశారు కాబట్టి ఆ గీత ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. అందుకని ఒక తీగ బ్రష్షు తీసుకెళ్లి, మెడ దగ్గర జానెడు మేర రంగు గీకి చూస్తానని యజమానిని అడగండి. ఒప్పుకుంటే గీకండి, ఒప్పుకోకపోతే గీకినట్టే లెక్క. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకోండి. పుట్టీ పెట్టి పూడ్చిన చోట అది గట్టిగా అంటుకోదు.

కొండి రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులాగా సాగిందా చూడండి. సాగితే రింగు మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు. కాని యాక్సిల్ వంకర పెద్ద ఖర్చు. దానికి టేపు చాలు: కొండి రంధ్రం నడిమి నుంచి కుడి చక్రం హబ్ (చక్రం నడిమి భాగం) దాకా, ఎడమ చక్రం హబ్ దాకా కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. అంగుళం, అంగుళంన్నర తేడా వస్తే ట్రాలీ ట్రాక్టర్ వెనక పక్కకు ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఒక పక్క టైరు అంచు త్వరగా అరిగిపోతుంది. టైర్లు మార్చి తీసుకొచ్చారేమో తెలుసుకోవాలంటే టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు.

చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపండి. కటకటమంటే బేరింగులు పోయినట్టు. హబ్ మూత విప్పించి గ్రీజు చూడండి: మెరిసే ఇనుప పొడి కనిపించినా, గ్రీజు పాలలాగా తెల్లబడినా, బేరింగుల ఖర్చు మీదే. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు తిప్పి రెండు హబ్‌లనూ ముట్టుకుంటే, వేడిలో తేడా మీకే తెలుస్తుంది.

టిప్పింగ్ జాకీని మాత్రం ఖాళీ ట్రాలీతో పరీక్షించవద్దు, ఖాళీ తొట్టిని ఎంత పాత జాకీ అయినా లేపుతుంది. కనీసం పాతిక ముప్పై బస్తాల బరువు వేయించి, సగం ఎత్తుకు లేపి, ఇంజన్ ఆపి పది నిమిషాలు వదిలేయండి. అది కిందికి దిగుతుందా, సీలు దగ్గర నూనె కారుతుందా, మెరిసే రాడ్డు మీద గుంటలు పడ్డాయా చూడండి. లేపిన తొట్టి కిందికి మాత్రం, ఎవరెంత ధైర్యం చెప్పినా, దుంగ అడ్డం పెట్టకుండా తల పెట్టవద్దు. పైపు పగిలితే తొట్టి ఒక్కసారిగా దిగుతుంది.

కల్వకుర్తి పత్తి రైతు:

మిస్త్రీ గారు అన్నీ చెప్పారు, ఒక్కటి కలుపుతాను. యూరియా, పొటాష్ బస్తాలు ఎక్కువగా వేసిన ట్రాలీలకు రేకు పై నుంచి కాక, మూలల్లో, డోర్ల కబ్జాల కింద తింటుంది. చిన్న సుత్తితో మూలమూలా కొట్టి చూడండి, ఖంగుమంటే మంచిది, డబడబమంటే అక్కడ తుప్పే మిగిలింది.

బేరం విషయంలో మాత్రం, ఆదివారం గడువు చూసి కంగారు పడవద్దు. ట్రాలీకి గిరాకీ వానాకాలం కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు ఉంటుంది. నాట్లు పడ్డాక రెండు నెలలు అందరి ట్రాలీలూ చెట్ల కిందే ఉంటాయి, ఆ సమయంలో బేరం తెగేవరకు అమ్మేవాడు కూడా నిద్రపోడు.

పాలమూరు పాత బండ్లవాడు:

హాలియా రైతు గారూ, మీ ప్రశ్నలో అందరూ దాటిపోయిన మాట ఒకటి ఉంది. ట్రాలీ నంబరు ఏపీ 24 అని రాశారు. అది ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ జిల్లా సంకేతం, మా మహబూబ్‌నగర్‌కు ఏపీ 22 ఉండేది. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన తర్వాత రిజిస్టరైన బండ్లకు టీఎస్ 05, టీఎస్ 06 వచ్చాయి, 2024 మార్చి నుంచి టీజీ అయింది. కాబట్టి ఏపీ 24 బండి ఎనిమిదేళ్లది కావడం సాధ్యం కాదు. యజమాని అబద్ధమాడాడని నేననను. ఆయన కొని ఎనిమిదేళ్లై ఉండవచ్చు. అలాగైతే ఆయన రెండో యజమానో, మూడో యజమానో అవుతాడు, అప్పుడు అసలు ప్రశ్న ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) ఎవరి పేరు మీద ఉందన్నది.

ట్రాలీకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా సొంత నంబరు, సొంత చాసిస్ నంబరు, సొంత ఆర్‌సీ ఉంటాయన్న సంగతి మన దగ్గర చాలామంది పట్టించుకోరు. ట్రాక్టర్ కాగితాలు చూపించి ట్రాలీ అమ్మేసిన సందర్భాలు నేను చూశాను. ఆర్‌సీ కాగితం మీద ఉన్న చాసిస్ నంబరు, ట్రాలీ ఇనుము మీద కొట్టిన నంబరు ఒకటేనా అని స్వయంగా చదవండి. రంగు కింద కనబడకపోతే అక్కడ కూడా గీకించండి.

ఆర్‌సీలో ఉన్న వ్యక్తి స్వయంగా వచ్చి యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయాలి. ఆయన చనిపోయి ఉంటే వారసుడు ముందుగా ఫారం 31తో తన పేరు మీదికి మార్పించుకొని, తర్వాత మీకు అమ్మాలి. ఆర్‌సీలో బ్యాంకు లేదా ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరిందన్న మాట చాలదు, ఆ పేరు తొలగించడానికి వాళ్ల సంతకంతో ఫారం 35 కావాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. బీమా ఉంటే మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి.

ఇంకొకటి. సొంత అవసరపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవాలి. ఈ ట్రాలీ వయసును బట్టి ఆ గడువు దాటి ఉండవచ్చు, లేదా దగ్గర్లో ఉండవచ్చు. వాణిజ్య ట్రాలీగా రిజిస్టరై ఉంటే ఫిట్‌నెస్ పత్రం కూడా అడగాలి. ఆ నంబరు మీద చలాన్లు ఉన్నాయేమో, ఇసుక కేసులో ఎప్పుడైనా పట్టుబడిందేమో వాకబు చేయండి. ఆ ఒక్క వాకబుతో మిస్త్రీ గారి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

నా మట్టుకు నేనైతే, కాగితాలు చూడనిదే పది రూపాయలు కూడా బయానా ఇవ్వను.

హాలియా రైతు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున మా ఊరి వెల్డర్‌ను వెంటబెట్టుకొని, మా ట్రాక్టర్ మీదనే వెళ్లాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మెడ దగ్గర రంగు గీకడానికి యజమాని మొదట ఇష్టపడలేదు, కాసేపటి తర్వాత తానే బ్రష్షు అందుకొని గీకాడు. ఎడమ చానల్ మీద నాలుగంగుళాల పట్టీ వేసి పాత అతుకు ఒకటి బయటపడింది. పని బాగానే చేశారని మా వెల్డర్ అన్నాడు గాని, కుడి వైపు కూడా అలాంటి పట్టీ వేయకపోతే బరువు మళ్లీ అక్కడే పడుతుందట. టేపుతో కొలిస్తే కుడి, ఎడమల మధ్య ముప్పావు అంగుళం తేడా వచ్చింది. టైర్లు రెండూ 9.00-20 కొలతవే, ఒకటి 2021ది, మరొకటి 2016ది. రేకు మీద కర్ర పెట్టి చూస్తే వెనక భాగంలో రెండు చోట్ల వేలు దూరేంత కుంగుడు ఉంది. ఇసుక మాట అడిగితే, తన కన్నా ముందున్నవాళ్ల సంగతి తనకు తెలియదన్నాడు. పాలమూరు పెద్దాయన ఊహించినట్టే ఆయన రెండో యజమాని.

ఊళ్లోని ధాన్యం బస్తాలు ముప్పై వేసి లేపాము. పది నిమిషాల్లో తొట్టి జానెడు దిగింది, నూనె మాత్రం ఎక్కడా కారలేదు. ఇది జాకీ లోపమేనా, మరేదైనానా?

మిర్యాలగూడ మిస్త్రీ:

బయటికి నూనె కారకుండా తొట్టి దిగిందంటే, జాకీ లోపలి సీలు ద్వారా గాని, మీ ట్రాక్టర్ హైడ్రాలిక్ వాల్వ్ ద్వారా గాని నూనె వెనక్కి పోతున్నదని అర్థం. నెపం జాకీ మీద వేసే ముందు అదే ట్రాలీని వేరే ట్రాక్టర్‌కు తగిలించి, అదే బరువుతో లేపి చూడండి. అక్కడ నిలబడితే లోపం మీ ట్రాక్టర్‌ది, ఆ సంగతి బేరంలో ఎత్తకండి. ముప్పావు అంగుళం తేడాకు యాక్సిల్ మార్చనక్కర లేదు, యాక్సిల్‌ను పట్టి ఉంచే యూ బోల్టులు వదులు చేసి సర్దవచ్చు. 2016 టైరు మాత్రం, అరుగుదల తక్కువగా కనిపించినా, ధర లెక్కలో సున్నా కింద వేసుకోండి.

హాలియా రైతు:

మిస్త్రీ గారు చెప్పినట్టు మరునాడు ఆ ఊళ్లోనే ఇంకొక ట్రాక్టర్‌కు తగిలించి చూశాము. అక్కడ కూడా దిగింది కాబట్టి జాకీ సీలేనని తేలింది. ఒక టైరు, జాకీ సీల్‌కిట్, కుడి వైపు పట్టీ, వెనక రేకు, వీటన్నింటికీ మా వెల్డర్ 36,000 లెక్క కట్టాడు. నేను ధర గురించి ఒక్క మాట కూడా అనకుండా ఆ లెక్క రాసిన కాగితాన్నే యజమాని చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు చదివి, టైరు తాను ఒప్పుకోనని, మిగిలిన వాటికి తగ్గిస్తానని 1,15,000కు దిగాడు. నేను 1,04,000 అన్నాను. మధ్యలో ఉన్న పెద్దమనిషి 1,08,000 దగ్గర ఇద్దరినీ ఒప్పించాడు.

బయానా మాత్రం ఇవ్వలేదు. ఆర్‌సీ ఇప్పటికీ మొదటి యజమాని పేరు మీదే ఉంది, ఆయన చింతపల్లి దగ్గర ఉంటాడట. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా ఏడు నెలలు ఉంది. ఆయన వచ్చి సంతకాలు పెట్టిన రోజే మొత్తం సొమ్ము బ్యాంకు ద్వారా ఇస్తానని, అప్పటిదాకా ట్రాలీ వాళ్ల చెట్టు కిందే ఉంటుందని రాసుకొని, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించాము. గురువారం వస్తానని ఆయన ఫోన్‌లో చెప్పాడు.

పాలమూరు పాత బండ్లవాడు:

గురువారం ఆయన వచ్చినప్పుడు ఆధార్‌లోని పేరు, ఆర్‌సీలోని పేరు అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంతో ఉంటే దరఖాస్తు వెనక్కి రావచ్చు. ఏడు నెలల గడువు ఉంది కాబట్టి ముందు పేరు మార్పించుకొని, పునరుద్ధరణ మీ పేరు మీదనే చేయించుకోండి. వెనక డోర్‌కు ఎర్రని రిఫ్లెక్టర్ పట్టీలు కూడా ఆ మరమ్మతుతో పాటే వేయించండి, తనిఖీలో అడుగుతారు.